ఐదు రోజుల దుబాసీ

ఊరి పేరుకు అర్థం ఏరు.
రియెకా అంటే చాలు, నీళ్ల చప్పుడు వస్తుంది.
ఆ ఏటి పక్కన, కొండ గొంతులో
మూతబడ్డ కాగితపు మిల్లు.
దాన్నేం చేయాలో చెప్పమని
నగరసభ ఐదుగురు నిపుణుల్ని పిలిపించింది.
ఐదుగురికీ, ఐదు రోజులకీ నేను దుబాసీని.

సోమవారం రబ్బరు బూట్లు పంచారు.
రాటర్‌డామ్ నీటి ఇంజనీరు
గోడ మీది నాచును గోటితో గీకి చూశాడు.
ట్రాఫిక్ లెక్కల టొరంటో ఆవిడ
వంతెన మీద నిలబడి బస్సులు లెక్కపెట్టింది.
పద్నాలుగు నిమిషాలకు ఒకటొచ్చింది, అదీ డిపోకి పోయేది.
లిస్బన్ కుర్రాడు అప్పుడే బొమ్మ గీస్తున్నాడు,
లేని చెట్ల కింద లేని పిల్లల్ని.
పెట్టుబడుల మనిషి మాత్రం కారు దిగలేదు,
అద్దం దించి "వ్యూ బాగుంది" అన్నాడు.
దాన్ని నేను అనువదించలేదు.
ఎవరూ అడగలేదు కూడా.

మంగళ, బుధవారాలు మనుషుల వంతు.
ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలు, ఒక గ్లాసు నీళ్లు.
హోటళ్ల సంఘం హోటల్ కావాలంది.
విశ్వవిద్యాలయం విశ్వవిద్యాలయాన్నే కోరింది.
మిల్లు పొగగొట్టం కింద తేనెటీగలు పెంచే నెవెన్
ఏమీ అడక్కుండా బల్ల మీద ఒక సీసా పెట్టి పోయాడు.
నిబంధనల ప్రకారం కానుకలు పుచ్చుకోకూడదు.
సాయంత్రందాకా ఆ సీసా చుట్టూ
నగరం భవిష్యత్తు మాట్లాడుకున్నాం.

చివర్లో ల్యేర్కా మాతులిచ్ వచ్చింది.
ముప్పై ఒక్కేళ్లు సిగరెట్టు కాగితం కోసింది.
కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది.
ఆ సగం వేలు పటం మీద పెట్టి,
సరిగ్గా నాలుగంతస్తుల పార్కింగు గీసిన చోట,
"నవంబరులో నీళ్లు ఇక్కడిదాకా వస్తాయి" అంది.
ఇంజనీరు ఆధారం అడిగాడు.
ఆధారాన్ని నేను "ఎలా తెలుసు?" అని మార్చాను.
"చెప్పులు చేత్తో పట్టుకుని డ్యూటీకి వెళ్లాను కాబట్టి."
ఉన్నదున్నట్టు చెప్పాను.
అతను నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.
ఎదుటివాళ్ల రాతను తలకిందులుగా చదవడం
నా వృత్తిలో పాపం. అయినా చదివాను:
చెప్పులు. దాని కింద రెండు గీతలు.

గురువారం రాత్రి ఎవరూ పడుకోలేదు.
పిజ్జా డబ్బాల మధ్య తలా ఒక మాట,
మాటకో గీత, గీతకో రబ్బరు.
బూర గాలి కిటికీల్ని పట్టుకుని ఊపుతోంది.
అప్పుడు కాలికి రాయిలా తగిలింది
నివేదిక మొదటి వాక్యం: "ఈ ఖాళీ స్థలం..."

ఖాళీ అంటే ఏమనను?
బీడు అందామంటే, ఎన్నడో పండి ఉండాలి.
పాడుబడ్డది అందామంటే, ఎవరో పాడుపెట్టి ఉండాలి.
వట్టిది అందామా, సీసాలో తేనె ఉందే.
గ్లాసు ఖాళీ అవుతుంది, గది ఖాళీ అవుతుంది,
ఎవరో తాగారనీ, ఎవరో లేచిపోయారనీ
ఆ మాట అడుగున తడి ఉంటుంది.
వీళ్ల వాక్యంలో తాగినవాళ్లు లేరు.

దుబాసీ తన కోసం నోరు తెరవకూడదు.
తెల్లవారుజామున మూడింటికి తెరిచాను.
అధ్యక్షురాలు థొకొజిలే, డర్బన్ ఆవిడ,
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుంది.
"మా నాన్న ఇల్లున్న వీధిని కూడా
ఏదో నివేదిక ఇలాగే అని ఉంటుంది" అంది.
పెన్సిలుతో ఒక్క మాట కొట్టేసింది.
దాని బదులు ఇంకో మాట రాయలేదు.

శుక్రవారం సభ నిండింది.
పార్కింగు ఏటి ఒడ్డు వదిలి కొండవైపు జరిగింది.
హోటల్ మిగిలింది, సగమై.
డబ్బెక్కడిదో మాత్రం ఎవరూ చెప్పలేదు.
నలభై ఏడో పేజీలో "స్థానిక అనుభవం" అని ఒక పేరా,
అందులో చెప్పులు లేవు.
తెర మీద మొదటి వాక్యం వెలిగింది,
ఈ అనే మాటకీ స్థలం అనే మాటకీ మధ్య
కొట్టేసినంత మేరా తెలుపు.
టైపు చేసినవాళ్లు తోచక వదిలేశారో,
ఆవిడే అలా ఉంచమందో.

నేను మైకు ముందున్నాను.
సభంతా నా నోటివైపు చూస్తోంది.
ఆ జాగాను కూడా అనువదించాలి కదా.
ఊపిరి బిగబట్టి ఆగాను,
మూడో వరుసలో ల్యేర్కా
ఒకసారి దగ్గేంత సేపు.